రెండో సైకిల్ తర్వాత
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి పేరు వినగానే మనకు మందులు గుర్తొస్తాయి. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్లకు ఆద్యమైన ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన మనిషి లోకానికి ఇన్ని మందులు ఇచ్చాడని చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఆయనకు మొదట పేరు తెచ్చింది మందు కాదు, ఒక కొలత. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో తేలుస్తుంది. నమూనాలో రసాయనాలు కలపగానే నీలం రంగు పొంగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే ఆ నీలం అంత చిక్కన. మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది చాలామందిమి ఆ నీలాన్ని కళ్లారా చూశాం, ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్నాం. ఆ రెండో పేరు మన పక్క ఊరి మనిషిదని నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది.

ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో భాస్వరం ఏ రూపంలో దాగి ఉందో ఆయన వెతకగలిగాడు. ముందు ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో ఏటీపీ దొరికింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా దాన్ని పట్టుకున్నాడు. ఈ ఏటీపీ దగ్గరికి కాసేపట్లో మళ్లీ వస్తాను. నా ఉపన్యాసానికి ఇరుసు అదే.

నేను న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుణ్ని. మందు ఎక్కించను, కత్తి పట్టను. ఎక్కించిన మందు పనిచేస్తోందా లేదా అన్నది చూసి చెప్పడం నా వృత్తి. రోగులు దీన్ని చాలా చక్కగా ఒక్క మాటలో అడుగుతారు: ‘గడ్డ కరుగుతోందా అండీ?’ ఈ ప్రశ్నకు ఎంత తొందరగా, ఎంత నిజాయతీగా జవాబు చెప్పగలం, చెప్పిన తర్వాత ఏం చేస్తాం అన్నదే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్న సంగతి.

కీమోథెరపీ చరిత్రలో ఒక ఘట్టాన్ని మనం తగినంత పట్టించుకోమని నాకు అనిపిస్తుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు మొట్టమొదట ఇచ్చింది ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడు కాదు, దాదాపు ఫోలిక్ యాసిడ్‌నే. దాని జాతికి చెందిన పదార్థాలను లెడర్లీ ప్రయోగశాలల నుంచి సుబ్బారావు బృందం పంపింది. మేలు చేస్తాయేమోనని ఆశ. పిల్లల ఎముక మజ్జ తీసి చూస్తే వ్యాధి తగ్గకపోగా జోరందుకుని కనబడింది. అక్కడ ఫార్బర్ ఆగాడు. ఇది ఎగదోస్తోందంటే దీన్ని అడ్డగించేది ఇస్తే ఏమవుతుంది అనుకున్నాడు. అడ్డగించే మందును పంపిందీ సుబ్బారావు బృందమే. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు పడిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమేనన్న మాటను ఫార్బర్ వ్యాసం శీర్షికలోనే పెట్టాడు. మరో రెండు నెలలకు, ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూశారు.

ఫార్బర్ ఎలా వెనక్కి తిరగగలిగాడు? లుకేమియా కాబట్టి. వేలి కొసన ఒక రక్తపు బొట్టు తీసి గాజు పలక మీద పూస్తే తెల్లకణాల లెక్క తెలుస్తుంది. ఈ వారం ఇంత, పై వారం ఇంత. మందు పనిచేస్తే లెక్క పడిపోతుంది, లేకుంటే పెరుగుతుంది. కీమోథెరపీ మొదట లుకేమియాలో నిలదొక్కుకోవడానికి ఒక పెద్ద కారణం అది లెక్కపెట్టగలిగిన క్యాన్సర్ కావడం. ఊపిరితిత్తిలోనో, కడుపులోనో, రొమ్ములోనో ఉన్న గడ్డ సంగతి వేరు. అందులోంచి వారానికో బొట్టు తీసి చూడలేం.

అక్కడ మనవాళ్లు వేళ్లనే నమ్ముకున్నారు. తడిమి చూసి, స్కేలు పెట్టి కొలిచి, కేస్ షీటులో రాసేవారు. ఆ వేళ్లను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన ఛార్లెస్ మోర్టెల్, జేమ్స్ హాన్లీతో కలిసి ఒక పరీక్ష పెట్టాడు. మెత్తటి పరుపు మీద 12 గట్టి గోళాలు ఉంచి, పైన ఫోమ్ పరిచి కప్పేశారు. అనుభవం పండిన 16 మంది క్యాన్సర్ వైద్యులను పిలిచి, ఒక్కొక్కరినీ తమ ఆసుపత్రిలో కొలిచే తీరులోనే కొలవమన్నారు. గోళాలు పెరగవు, తరగవు. అయినా కొలతలు చేతికో రకంగా వచ్చాయి. 25 శాతం తగ్గుదలను ‘గుణం’ అనుకుంటే, లేని గుణం అయిదింట ఒకసారి నుంచి నాలుగింట ఒకసారి దాకా ‘కనిపించింది’. హద్దును 50 శాతానికి పెంచితే ఆ పొరపాటు ఏడెనిమిది శాతానికి దిగింది. 1976లో ఈ ఫలితాలు వచ్చాయి. మరి రెండు మూడేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన నిబంధనల్లో ఆ 50 శాతమే ప్రమాణమై కూర్చుంది. రెండు అడ్డకొలతల లబ్ధం సగానికి తగ్గాలి. 2000లో వచ్చిన రెసిస్ట్ నిబంధనలు దాన్ని ఒక్క కొలతకు కుదించి 30 శాతం అన్నాయి. గుండ్రటి గడ్డ అడ్డకొలత 30 శాతం తగ్గిందంటే లోపలి సరుకు మూడింట రెండు వంతులు పోయినట్టే.

ఈ లెక్కలను ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, ఇవాళ్టికీ మా రిపోర్టుల్లో రాసే ఆ హద్దులు రోగి ఆయుష్షును చూసి గీసినవి కావు. ఫోమ్ కింద దాగిన బంతిని తడమడంలో డాక్టరు చేయి చేసే తప్పును చూసి గీసినవి. వాటిని తీసిపారేయమనడం లేదు. వాటివల్లే ప్రపంచమంతా ఒకే భాషలో ఫలితాలు చెప్పుకోగలుగుతోంది. కానీ గడ్డ మూడింట రెండు వంతులు కరిగేదాకా ఆగి, అప్పుడు ‘పనిచేసింది’ అనడం ఆలస్యంగా తెలుసుకోవడమే. ఆ ఆలస్యాన్ని మోసేది రోగి శరీరం. రెండు మూడు నెలలు మందు ఎక్కుతుంది. జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, చేతి నరాలు నల్లబడి తాళ్లలా గట్టిపడతాయి. ఇంటినుంచి తోడొచ్చినవాళ్ల కూలి పోతుంది. ఆ తర్వాత సీటీ తీసి ‘పెద్దగా మార్పు లేదు, మందు మారుద్దాం’ అంటాం. ఆ మొదటి మందు తన పని చేయడం లేదన్న విషయం కణానికి రెండో వారానికే తెలుసు. మనకు తెలియలేదంతే.

కణానికి తెలిసిన సంగతి మనకూ తెలిసే దారి ఉంది. చచ్చేముందు కణం తిండి మానేస్తుంది. గడ్డ పరిమాణం తగ్గడానికి వారాలు పట్టవచ్చు, ఆకలి చావడానికి రోజులు చాలు. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా మింగుతాయని 1920ల్లోనే ఒట్టో వార్బర్గ్ గమనించాడు. గ్లూకోజులాగే ఉండి, ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును మోసే పదార్థం ఎఫ్‌డీజీ. దాన్ని మనిషికి మొదటిసారి ఇచ్చింది 1976 ఆగస్టులో, మోర్టెల్ పరుపు పరీక్ష అచ్చయిన ఏడే. లాంగ్ ఐలండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు చేరవేసి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఎక్కించారు. అంత హడావుడి ఎందుకంటే ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే. రెండు గంటలు తిరిగేసరికి సగం కూడా మిగలదు.

ఇప్పుడు ఏటీపీ. ఎఫ్‌డీజీని గ్లూకోజనుకుని కణం లోపలికి తీసుకుంటుంది. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేటు వచ్చేది ఏటీపీ నుంచి. ఫాస్ఫేటు తగిలాక అది కణం పొర దాటి బయటికి పోలేదు. గ్లూకోజైతే తర్వాతి మెట్టుకు వెళ్లి ఖర్చయిపోయేది. ఎఫ్‌డీజీకి ఆ మెట్టు ఎక్కడానికి కావలసిన ఆక్సిజన్ తన స్థానంలో లేదు. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. అలా చిక్కుబడ్డ చోటే పెట్ స్కాన్‌లో మాకు వెలుగుతుంది. భాస్వరాన్ని కొలిచే పద్ధతితో మొదలుపెట్టి, ఏటీపీని పట్టుకుని, క్యాన్సర్‌ను ఆపే మందు దాకా నడిచిన మనిషి ఈయన. ఆ మందు పనిచేస్తోందో లేదో మేం చూసేది ఆయన పట్టుకున్న ఆ ఫాస్ఫేటు వేసిన గొళ్లెం చలవతోనే. నా గదిలో రోజుకు పదిహేనుమంది రోగుల తెరలు చూస్తాను. ఈ సంగతి గుర్తొచ్చిన రోజున నా పని నాకు కొంచెం పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ గది ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. సీసపు రేకు దాచిన గోడలు, వాలు కుర్చీ, దుప్పటి. సూది ఇచ్చాక గంటసేపు రోగి అక్కడ ఊరికే పడుకోవాలి. మాట్లాడకూడదు, ఫోను చూడకూడదు, ఏమీ నమలకూడదు. నమిలితే దవడ కండరం వెలుగుతుంది. మాట్లాడితే గొంతులోని స్వరతంత్రులు వెలుగుతాయి. చలివేస్తే మెడ పక్కల గోధుమ రంగు కొవ్వు వెలిగి, చూసేవాళ్లకు లింఫు గ్రంథులేమోనన్న అనుమానం తెస్తుంది. అందుకే ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుతాం. ఒకసారి రాత్రి బస్సులో ఒకామె వచ్చింది. రొమ్ము క్యాన్సర్, కీమో రెండు సైకిళ్లు, అంటే మందు ఎక్కించే రెండు విడతలు, అయ్యాయి. షుగరు పరీక్ష చేస్తే 240. ఏమైనా తిన్నావా అమ్మా అంటే, ఏమీ తినలేదండీ, బస్టాండులో టీ మాత్రం తాగాను అంది. చక్కెర టీ, ఆపైన మధుమేహం. రక్తంలో గ్లూకోజు ఎక్కువుంటే గడ్డకు ఎఫ్‌డీజీ చేరదు, కరగని గడ్డ కూడా కరిగినట్టు కనిపిస్తుంది. ఆమెను మరో రోజు రమ్మనాల్సి వచ్చింది. ఆమె పేరున తెప్పించిన మందు సీసపు డబ్బాలోనే నిమిషం నిమిషానికి కరిగిపోయింది. ‘టీ తాగొద్దు’ అని చీటీలో తెలుగులో రాసి ఉంటే ఆ రోజు వృథా అయ్యేది కాదు. ఖాళీ కడుపు అనే మాటకు టీ అడ్డం కాదని మన జనం అనుకుంటారు. ఆ తర్వాత మా చీటీ మార్చాం.

ఈ వెలుగు చూసి భవిష్యత్తు చెప్పడం అన్నిటికన్నా గట్టిగా నిలబడింది హాడ్జ్‌కిన్ లింఫోమాలో. ఎక్కువగా కుర్రవాళ్లకు వచ్చే జబ్బు. మెడలో గడ్డ, రాత్రిళ్లు చెమటలు, తగ్గుతున్న బరువు. నాలుగు మందుల కలయిక అయిన ఏబీవీడీ దీనికి ప్రధానమైన వైద్యం. ఇటలీలో ఆండ్రియా గల్లామీని, డెన్మార్క్‌లో మార్టిన్ హచింగ్స్ తమ రోగుల వివరాలు కలిపి 2007లో 260 మంది ఫలితాలు ప్రచురించారు. రెండు సైకిళ్ల తర్వాత తీసిన పెట్ స్కాన్ నెగెటివ్ అయినవాళ్లలో 95 శాతం మందికి రెండేళ్ల దాకా జబ్బు ముదరలేదు. పాజిటివ్ అయినవాళ్లలో ఆ భాగ్యం 12.8 శాతానికే. జబ్బు ఏ దశలో ఉంది, రక్త పరీక్షలు ఏం చెప్పాయి అన్న పాత లెక్కలన్నీ ఈ ఒక్క చూపు ముందు వెలవెలబోయాయి. రెండు సైకిళ్లంటే రెండు నెలలు. వైద్యం ఇంకా సగం కూడా కాలేదు.

అయితే ‘పాజిటివ్’ అని ఎవరు చెప్పాలి? ఒక వైద్యుడికి మసకగా కనిపించిన మచ్చ మరొకరికి మంటలా కనిపిస్తే ఎలా? 2009లో ఫ్రాన్స్‌లో డోవిల్ అనే సముద్రతీర పట్టణంలో నిపుణులు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. రోగి శరీరంలోనే కొలబద్ద ఉంది. ఛాతీ మధ్యలో పెద్ద రక్తనాళాల వెలుగు ఒక గీత, కాలేయం వెలుగు మరో గీత. గడ్డ వెలుగే లేకపోతే 1, నాళాల వెలుగు మించకపోతే 2, దాన్ని మించినా కాలేయాన్ని దాటకపోతే 3, కాలేయాన్ని ఓ మోస్తరుగా దాటితే 4, బాగా దాటినా కొత్త చోట జబ్బు పుట్టినా 5. ఇది నాకెంతో ఇష్టమైన ఏర్పాటు. యంత్రం మారినా, ఊరు మారినా, ఎవరి కాలేయం వాళ్లతోనే ఉంటుంది.

తర్వాతి అడుగు ఇంకా ముఖ్యమైనది. స్కాన్ బాగుందని తెలిస్తే వైద్యం తగ్గించవచ్చా? బ్రిటన్ కేంద్రంగా జరిగిన రాథల్ పరీక్ష దీన్నే అడిగింది, 2016లో జవాబు చెప్పింది. 1,119 మందికి రెండు సైకిళ్ల తర్వాత పెట్ తీస్తే 937 మందికి నెగెటివ్. వాళ్లలో సగం మందికి నాలుగు మందులూ కొనసాగించారు, మిగతా సగానికి అందులోంచి బ్లియోమైసిన్ తీసేశారు. మూడేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు ఒకవైపు 85.7 శాతం, మరోవైపు 84.4 శాతం. తేడా దాదాపు లేనట్టే. కానీ బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను గట్టిపరిచే మందు. తీసేసిన వాళ్లలో ఆ ముప్పు తగ్గింది.

ఈ అంకెలు నాకు మనిషిగా కనిపించిన రోజు ఒకటుంది. సన్నాయి వాయించే కుర్రవాడు, ఇరవై నాలుగేళ్లు, తాత ముత్తాతల నుంచి అదే వృత్తి. మెడ గడ్డ బయాప్సీలో హాడ్జ్‌కిన్ అని తేలింది. ప్రాణం దక్కుతుందా అని అతని తల్లి అడిగింది. అతను అడిగింది వేరు: ‘ఊపిరి నిలుస్తుందా సార్?’ రెండో సైకిల్ తర్వాత స్కాన్ తీశాం. గడ్డ ఇంకా అక్కడే ఉంది, సీటీలో కొలిస్తే సగానికి పైగా మిగిలే ఉంది. వెలుగు మాత్రం రక్తనాళాల కన్నా తక్కువ. డోవిల్ 2. సీటీ ఒక్కటే ఉంటే ఆ మిగిలిన గడ్డ మమ్మల్ని భయపెట్టేది. అది చచ్చిన గడ్డ, మిగిలింది పీచు. ఆ మధ్యాహ్నం డేకేర్ వార్డులో సిస్టరు మూడో సైకిల్ చార్టు తీసి, నాలుగు మందుల పేర్లలో ఒకదాని మీద స్కేలు పెట్టి ఎర్ర గీత గీసింది, పక్కన ఆంకాలజిస్టు సంతకం చేశారు. ఆ గీత వంక అతను చాలాసేపు చూశాడు.

పనిచేస్తుంటే తగ్గించడం ఒకటి. పనిచేయకపోతే ఆపడం రెండోది, ఇది మరింత కష్టం. మ్యూనిక్ వైద్యులు అన్నవాహిక, జీర్ణకోశం కలిసేచోట వచ్చే క్యాన్సర్‌లో ఆ పని చేశారు. ఆపరేషన్‌కు ముందు కీమో మొదలుపెట్టి, 14వ రోజున పెట్ తీశారు. వెలుగు 35 శాతమైనా తగ్గితే మూడు నెలలు కీమో కొనసాగించి తర్వాత ఆపరేషన్. తగ్గకపోతే కీమో అక్కడితో ఆపి నేరుగా ఆపరేషన్. మ్యూనికాన్ అనే ఈ పరీక్ష 2007లో అచ్చయింది. సుమారు సగం మందిలో మాత్రమే మందు పనిచేసిందని ఆ 14వ రోజే తేలింది. తక్కినవాళ్లకు పనిచేయని విషాన్ని మరో రెండున్నర నెలలు ఎక్కించకుండా ఆగగలిగారు. రెండు వారాల్లో ఆ నిర్ణయం తీసుకోవడానికి ధైర్యం కావాలి.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. ముందే తెలిసినంత మాత్రాన మేలు జరగదు. జర్మనీలో పెటల్ అనే పెద్ద పరీక్ష, వేగంగా పెరిగే లింఫోమాల మీద జరిగింది. రెండు సైకిళ్ల తర్వాత స్కాన్ బాగాలేని వాళ్లకు మరింత ఘాటైన కీమో ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం ఘాటు పెంచినందుకు ఆయుష్షు పెరగలేదు, బాధ మాత్రం పెరిగింది. స్కాన్ చెప్పిన జోస్యం నిజమే, జబ్బు మొండిదేనని ముందే చెప్పింది. దాన్ని మార్చే మందు ఆ రోజున చేతిలో లేదు. మ్యూనిక్ వైద్యులు కూడా రెండోసారి, స్పందించని వాళ్లకు రేడియేషన్ కలిపి చూశారు. ఆశించినంత ఫలితం రాలేదు. అందుకే ఏ స్కాన్ రాసే ముందైనా నేను తోటివాళ్లను అడిగే ప్రశ్న ఒకటే: ఇది బాగుంటే ఏం చేస్తారు, బాగాలేకపోతే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ స్కాన్ వద్దు. ఆ డబ్బు, ఆ రేడియేషన్, రిపోర్టు కోసం ఎదురుచూసే ఆ మూడు రాత్రులు రోగికి మిగలనివ్వండి.

రొమ్ము క్యాన్సర్‌లో మరో దారి ఎంఆర్‌ఐది. అక్కడ చూసేది గడ్డ ఆకలిని కాదు, దాని రక్తనాళాలను. గెడోలినియం కలిసిన ద్రవం నరానికి ఎక్కిస్తే గడ్డలోని కొత్త నాళాలు దాన్ని గబగబా పీల్చి గబగబా వదిలేస్తాయి. అలా చురుగ్గా ఉన్న భాగం ఘనపరిమాణం ఎంతో కొలుస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నోలా హిల్టన్ ఈ కొలతను తీర్చిదిద్దింది. లారా ఎస్సర్‌మన్ నడిపిన ఐ-స్పై పరీక్షల్లో అది కీలకమైంది. ఆపరేషన్ రోజున గడ్డ పూర్తిగా పోయి ఉంటుందా లేదా అన్నది చేత్తో తడిమే కొలత కన్నా ఇది మెరుగ్గా పసిగట్టిందనీ, తొలిరోజుల్లోనే ఆ తేడా ఎక్కువనీ 2012లో చూపించారు. కారణం ఊహించుకోవచ్చు. రొమ్ములో గడ్డ ఎప్పుడూ బంతిలా చిక్కిపోదు. కొన్నిసార్లు చెరువు ఎండినట్టు అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. చివరి మడుగు నుంచి చివరి మడుగు వరకు స్కేలు పెడితే మార్పే లేదనిపిస్తుంది, నిజానికి నీళ్లు ముప్పాతిక వంతు ఇంకిపోయి ఉంటాయి.

ఈ మధ్య నన్ను అన్నిటికన్నా కదిలించింది ఫెర్‌గైన్ పరీక్ష. యూరప్‌లో హెర్-2 రకం రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీల మీద చేశారు. కీమో లేకుండా ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ రెండు సైకిళ్లు ఇచ్చి పెట్ తీశారు. వెలుగు 40 శాతం తగ్గినవాళ్లకు కీమో లేకుండానే కొనసాగించారు. అలా స్పందించిన 227 మందిలో 86 మందికి ఆపరేషన్ నాటికి గడ్డ ఆనవాలు లేదు. అలాంటివాళ్లకు తర్వాత కూడా కీమో ఇవ్వలేదు. మూడేళ్ల ఫలితాలు 2024లో వచ్చాయి, చాలా బాగున్నాయి. కీమో ఎవరికి అక్కరలేదో బొమ్మ చూసి చెప్పడం నేను చదువుకునే రోజుల్లో ఎవరి ఊహలోనూ లేదు.

ఇక మన నేల సంగతి. డెన్మార్క్‌లో ఛాతీ మధ్యలో గ్రంథి వెలిగితే లింఫోమా అనుకోవచ్చు. మన దగ్గర అది క్షయ కావచ్చు. క్షయ గ్రంథిలోని రక్షణ కణాలు కూడా గ్లూకోజును ఆత్రంగా తింటాయి. కీమోతో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు నిద్రపోతున్న క్షయ లేస్తుంది. మెడ గడ్డలన్నీ చల్లారి, ఊపిరితిత్తుల మధ్య కొత్తగా ఒక గ్రంథి వెలిగిన స్కాన్లు నేను చూశాను. నిబంధన ప్రకారం కొత్త మచ్చ అంటే 5, జబ్బు పెరిగినట్టు. అలాంటప్పుడు నేను రిపోర్టులో రాసే చివరి వాక్యం ‘సూది పెట్టి ముక్క తీసి చూడండి’ అని. చూస్తే క్షయ అని తేలిన వాళ్లున్నారు. వాళ్లకు కావలసింది ఘాటైన కీమో కాదు, ఆరు నెలల క్షయ మందులు. అలాగే తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే సూది తర్వాత వెంటనే స్కాన్ తీస్తే ఎముక మజ్జ అంతా కొలిమిలా వెలుగుతుంది. మధ్యలో తీసే స్కాన్ తర్వాతి సైకిల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలని మేం బతిమాలేది ఇందుకే.

అన్నిటికన్నా పెద్ద లోటు వేరే ఉంది. మొదటి బొమ్మ. కీమో మొదలుకాక ముందు తీసిన స్కాన్ లేకుండా రెండో సైకిల్ తర్వాత స్కాన్‌కు పంపిన రోగులు నెలకు ఎంతమంది వస్తారో చెబితే మీకు బాధ కలుగుతుంది. ఒకాయన ప్లాస్టిక్ కవర్లో ఎంతో జాగ్రత్తగా మడిచి తెచ్చిన ఫిల్ములు తీసి బల్ల మీద పెడతాడు. అవి ఛాతీ ఎక్స్‌రేలు. సీడీ ఏదంటే, వేరే ఆసుపత్రిలో ఇవ్వలేదంటాడు. ఎంత తగ్గిందో చెప్పమంటాడు. ఎంతనుంచి తగ్గిందో తెలియందే ఎలా చెప్పను? మనం చేయాల్సింది ఇంతే: మొదటి స్కాన్ సీడీని రోగి చేతికి ఇవ్వడం, దాని మీద తేదీ, షుగరు, మందు మోతాదు, సూదికీ స్కాన్‌కూ మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో రాయడం, రెండోసారి కూడా అదే యంత్రం మీద అదే వ్యవధిలో తీయడం. ఈ రోజుల్లో కృత్రిమ మేధ స్కాన్‌ను చదివి భవిష్యత్తు చెబుతుందంటున్నారు. చెప్పవచ్చు. కానీ దానికీ మొదటి బొమ్మ కావాలి, నిజాయతీగా కొలిచిన బొమ్మ కావాలి. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వందేళ్లు నిలిచిందంటే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చేసినా ఒకే నీలం వచ్చింది గనుక.

స్కాన్‌లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు నిశ్శేషమని కూడా నేను చెప్పను. పెట్ కంటికి అయిదారు మిల్లీమీటర్ల లోపు ముద్దలు సరిగా ఆనవు. అంత చిన్న ముద్దలోనూ కోట్ల కణాలు ఉండగలవు. అందుకే వెలుగు పోయినా మిగిలిన సైకిళ్లు పూర్తి చేయాలి. ‘గడ్డ కరిగిపోయిందన్నారు కదా’ అని ఇంటిదగ్గర ఆగిపోయినవాళ్లను మళ్లీ చూడాల్సి రావడం మా వృత్తిలోని దుఃఖాల్లో ఒకటి.

చివరగా ఒక రైతు గురించి. పత్తి పండిస్తాడు, అరవై దాటాయి. మింగుడు పడక వచ్చాడు. కడుపు మొదట్లో క్యాన్సర్. మొదటి బొమ్మ ఉంది, ఒక సైకిల్ తర్వాత మళ్లీ తీశాం. వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు. సర్జన్, ఆంకాలజిస్టు, నేను కూర్చుని మాట్లాడుకుని, కీమో ఇక్కడితో ఆపి ఆపరేషన్‌కు వెళ్దామనుకున్నాం. చెప్పే బాధ్యత ఆ రోజు నా మీద పడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ‘మందు మనం అనుకున్నంత పనిచేయలేదు, పెద్దాయనా’ అన్నాను. కొడుకు ముఖం మాడిపోయింది. ఆయన మాత్రం కాసేపు తెర వంక చూసి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టమన్నాడు. పెట్టాను. ‘మేమూ అంతే కదా బాబూ, మందు కొట్టిన మూడోనాడు చేలోకెళ్లి ఆకు తిరగేసి చూస్తాం’ అన్నాడు. కొంచెం ఆగి, ‘పురుగు బతికుంటే మళ్లీ అదే డబ్బా కొనం’ అన్నాడు. తర్వాత కొడుకు చేతిలోంచి కవరు తీసుకుని, రెండు సీడీలనూ తేదీల వరుసలో లోపల సర్దుకుని, ఆపరేషన్ డాక్టరుగారి గది ఏ అంతస్తులో ఉందని అడిగాడు.